వేళ్లతో చదివేవారే తీర్పరులు

మేలు చేయాలన్న మనసు వేరు, ఆ మేలు ఎలా ఉండాలో ఎదుటివారినే అడిగి తెలుసుకునే వినయం వేరు. మొదటిదానికి మన చర్చిల్లో కొదవ లేదు. క్రిస్మస్ వస్తే దుప్పట్లు పంచుతాం. అంధుల పాఠశాలకు వెళ్లి పిల్లలకు భోజనం పెట్టి, వారితో రెండు పాటలు పాడించుకుని, ప్రార్థన చేసి, ఫొటో దిగి వస్తాం. అదంతా ప్రేమతోనే చేస్తాం. కాని మీకేం కావాలి అని వారిని కూర్చోబెట్టి అడిగిన సందర్భాలు ఎన్ని? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఈ లోటునే 150 ఏళ్లకు పైగా క్రితం లండన్‌లో ఒక డాక్టర్ గుర్తించారు. గుర్తించి ఊరుకోకుండా, అడగడం తప్పనిసరి చేస్తూ ఒక సంఘాన్నే నిర్మించారు. ఆయనే డాక్టర్ థామస్ రోడ్స్ ఆర్మిటేజ్. లోకమంతటా అంధుల లోకానికి సుపరిచితమైన ఆ పేరు మన విశ్వాసులకు కూడా తెలియాల్సినది.

ఆర్మిటేజ్ 1824లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ ప్రాంతంలో సంపన్న కుటుంబంలో పుట్టారు. లండన్ కింగ్స్ కాలేజీలో వైద్యం చదివి డాక్టరయ్యారు. మంచి చదువు, ఆస్తి, గౌరవప్రదమైన వృత్తి అన్నీ ఉన్నాయి. కాని కంటిచూపు మాత్రం క్రమంగా తగ్గిపోతూ వచ్చింది. రోగిని కళ్లతో చూసి పరీక్షించలేని స్థితిలో 1860లో, 36 ఏళ్ల వయసులో, ఆయన వైద్యవృత్తిని విడిచిపెట్టాల్సి వచ్చింది. ఎంతో ఇష్టపడి నేర్చుకున్న పని అర్ధంతరంగా చేజారిపోతే ఆ మనిషి కుంగిపోవడం సహజం. పైగా ఆర్మిటేజ్‌కు పూట గడవని ఇబ్బంది లేదు. ఇంటిపట్టున విశ్రాంతిగా బతికినా ఆయన్ని తప్పుపట్టేవారు ఎవరూ లేరు. ఆయన మాత్రం లండన్ ఇరుకు సందుల్లో బతుకుతున్న నిరుపేద అంధుల ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టారు.

అప్పటికే లండన్‌లో బీద అంధులను దర్శించే క్రైస్తవ సంఘం ఒకటి పనిచేస్తూ ఉండేది. ఆ సంఘం వారు అంధుల ఇళ్లకు వెళ్లి బైబిల్ చదివి వినిపించేవారు, ఆదివారం చెయ్యి పట్టుకుని చర్చికి తీసుకెళ్లేవారు. ఆర్మిటేజ్ ఆ పనిలో భాగమయ్యారు. చూపు ఉన్న డాక్టర్‌గా కాక, చూపు పోయిన మనిషిగా ఆ గడపలు తొక్కారు గనుక ఇతరుల దృష్టికి రాని విషయం ఒకటి ఆయనకు తెలిసివచ్చింది. ఎవరైనా వచ్చి చదివి వినిపిస్తేనే వారికి వాక్యం. ఆ మనిషి రాని రోజున అదీ లేదు. సొంతంగా చదువుకునే మార్గం ఉండీ వారికి అందడం లేదు.

ఎందుకు అందడం లేదు? పుస్తకాలు లేక కాదు. అంధుల కోసం ఉబ్బెత్తు అక్షరాలతో అచ్చువేసిన పుస్తకాలు అప్పటికే ఉన్నాయి. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో జాన్ ఆల్‌స్టన్ మామూలు ఇంగ్లిష్ అక్షరాలనే ఉబ్బెత్తుగా అచ్చువేసి 1840 నాటికి బైబిలంతా 19 సంపుటాల్లో పూర్తి చేశాడు. ఎంత గొప్ప ప్రయాస! కాని బ్రిస్టల్‌కు చెందిన లూకస్‌ది మరో పద్ధతి. ఫ్రియర్ అనే ఆయనది ఇంకో పద్ధతి. ఆ రెండింటిలోనూ అక్షరాలకు బదులు షార్ట్‌హ్యాండ్‌ను పోలిన గుర్తులు ఉండేవి. బ్రైటన్‌లో విలియం మూన్ అనే అంధుడు 1845లో అక్షరాలను సులువు చేసి మరో లిపి తయారుచేశాడు. ఒక్కో లిపికి ఒక్కో సంస్థ, ఒక్కో దాతల బృందం. తమ లిపే గొప్పదని ఎవరికి వారే పట్టుబట్టేవారు. ఒక లిపి నేర్చిన అంధుడికి మరో లిపిలోని పుస్తకం తెల్ల కాగితంతో సమానం. అసలే కొద్దిపాటి డబ్బు. అందులోనూ అవే పుస్తకాలు మళ్లీ మళ్లీ వేర్వేరు లిపుల్లో అచ్చయ్యేవి, కొత్త పుస్తకం ఒక్కటీ రాదు.

మరొక చిక్కు కూడా ఉంది. మామూలు అక్షరాలను ఉబ్బెత్తుగా వేస్తే చూపున్న టీచర్లకు హాయిగా ఉంటుంది, దాతలకు చూపిస్తే ముచ్చటగా ఉంటుంది. కాని కంటికి ఇంపైనదంతా వేలికి తెలియదు. మన తెలుగు సంగతే తీసుకోండి. ప, వ, మ, ష అక్షరాలను ఉబ్బెత్తుగా అచ్చువేసి, కళ్లు మూసుకుని వేలితో తడిమి తేడా చెప్పమంటే మనలో ఎంతమంది చెప్పగలం? పైగా అలాంటి అక్షరాలను అంధులు చదివినా, తాము స్వయంగా రాసుకోవడం దాదాపు అసాధ్యం. అంటే తన లెక్క తాను రాసుకోలేరు, తన ఉత్తరం తాను రాయలేరు. ఇదంతా అంధుల మేలు కోసమే జరుగుతోంది, కాని ఏ లిపి మేలైనదో నిర్ణయిస్తున్నది మాత్రం కళ్లున్నవారు!

1868 అక్టోబరులో ఆర్మిటేజ్ తన ఇంట్లో మరో ముగ్గురిని సమావేశపరిచారు. డేనియల్ కానలీ, చిత్రకారుడిగా ఉండి చూపు కోల్పోయిన ఫెన్, ప్రయోగాలు చేసి కొత్త వస్తువులు కనిపెట్టిన జేమ్స్ గేల్. నలుగురిదీ అదే స్థితి, కళ్లతో చదవలేనివారే. అంధుల పుస్తకాలను మెరుగుపరచడం కోసం ఆ రోజు వారు ఒక సంఘాన్ని స్థాపించారు. ఆ సంఘానికి వారు పెట్టుకున్న నియమాలే ఆర్మిటేజ్ జీవితంలో మనం ముఖ్యంగా నేర్చుకోవాల్సిన పాఠం. నిర్ణయాలు చేసే కమిటీలో ఉండేవారు అంధులై ఉండాలి, లేదా వేళ్లతో తప్ప చదవలేనంత తక్కువ చూపు ఉన్నవారై ఉండాలి. కనీసం మూడు లిపులు వారికి వచ్చి ఉండాలి. ఏ లిపిలోనూ వారికి డబ్బు లాభం ఉండకూడదు. అనుభవం, పరిజ్ఞానం, నిస్వార్థం అనే ఈ మూడూ ఉన్నవారికే తీర్పు చెప్పే హక్కు. హోదా చూడలేదు, చందా ఎంత ఇచ్చారన్నది చూడలేదు. కళ్లున్న మిత్రులు సాయపడవచ్చు, డబ్బు ఇవ్వవచ్చు, పుస్తకాలు నకలు రాసిపెట్టవచ్చు. కాని ఏది మంచిదో తేల్చేది మాత్రం దాన్ని వాడేవారే.

తొందరపడి తీర్పు చెప్పలేదు వారు. రెండేళ్లపాటు లిపులన్నింటినీ పరీక్షించి చూశారు, చదువుకున్న అంధుల అభిప్రాయాలు సేకరించారు. చివరికి 1870లో బ్రెయిలీ లిపిని ఎంచుకున్నారు. ఫ్రాన్స్‌లో చిన్నతనంలోనే చూపు కోల్పోయిన లూయీ బ్రెయిలీ 1829లో ప్రకటించిన లిపి అది. ఆరు చుక్కలు, ఒక వేలికొన కింద ఇమిడిపోయే అక్షరం. చిన్న పలక, మొనదేలిన పుల్ల ఉంటే చాలు, ఎవరికి వారే రాసుకోవచ్చు. సంగీతం కూడా రాసుకోవచ్చు. చూసేవారికి అది అర్థం కాని చుక్కల గుంపులా ఉంటుంది గనుకనే ఇంగ్లండ్‌లో దాన్ని అంతవరకు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. వేళ్లతో చదివేవారు తీర్పరులైన తర్వాతే దాని విలువ బయటపడింది. అలాగని ఆర్మిటేజ్ పంతానికి పోయి మూన్ లిపిని తోసిపుచ్చలేదు. ముసలితనంలో చూపు పోయినవారికి, కాయకష్టంతో వేళ్లు మొద్దుబారినవారికి అది ఉపయోగమని ఒప్పుకున్నారు. ఆయనకు కావలసింది తన మాట నెగ్గడం కాదు, అంధుడి చేతికి పుస్తకం చేరడం.

అప్పటినుంచి ఆర్మిటేజ్ తన సమయం, తన ధనం, తన ఇల్లు ఈ పనికే అంకితం చేశారు. స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారు పుస్తకాలను బ్రెయిలీలో రాసిచ్చేవారు. వాటికి నకళ్లు తీసే పనికి అంధులనే పెట్టి కూలి ఇచ్చేవారు. ఆ విధంగా చదువుతో పాటు కొందరికి జీవనోపాధి కూడా దొరికింది.

ఐరోపా దేశాల్లోని అంధుల పాఠశాలలను ఆర్మిటేజ్ స్వయంగా పరిశీలించారు. పారిస్‌లో చదివిన అంధులు చాలామంది ఆర్గాన్ వాయిస్తూ, పియానోలు శ్రుతి చేస్తూ సొంతంగా బతుకుతుంటే, బ్రిటన్‌లో అలా బతకగలిగినవారు బహు కొద్దిమందే. లోపం అంధత్వంలో లేదని, ఇస్తున్న శిక్షణలోనే ఉందని ఆయనకు రూఢి అయింది. సరిగ్గా ఆ సమయంలోనే, 1871లో, అమెరికాలోని టెన్నెసీకి చెందిన ఫ్రాన్సిస్ క్యాంప్‌బెల్ అనే అంధ సంగీత ఉపాధ్యాయుడు ఐరోపాలో చదువు ముగించుకుని స్వదేశానికి వెళ్తూ లండన్‌లో ఆగాడు. బీద అంధుల కోసం ఏర్పాటుచేసిన ఒక తేనీటి కూటానికి వెళ్లి, అక్కడి వారి దయనీయ స్థితి తెలుసుకుని చలించిపోయాడు. ఆయనకూ ఆర్మిటేజ్‌కూ పరిచయమైంది. ఇంకేముంది! అమెరికా ప్రయాణం ఆగిపోయింది. 1872 మార్చిలో లండన్ శివార్లలోని అప్పర్ నార్‌వుడ్‌లో అంధుల కాలేజీ ప్రారంభమైంది. స్థాపించినవారిలో ఒకరు అంధుడైన డాక్టర్, దాన్ని నడిపించిన ప్రిన్సిపాల్ కూడా అంధుడే. ఆ క్యాంప్‌బెల్ 1880లో ఆల్ప్స్ పర్వతాల్లోని మోంబ్లాఁ శిఖరం ఎక్కి, చూపు లేనివారు ఇంటి మూలన కూర్చోవాల్సినవారు కారని లోకానికి చూపించాడు.

ఆర్మిటేజ్ 1890 అక్టోబరులో ఐర్లండ్‌లో గుర్రం మీద నుంచి పడిన ప్రమాదం తర్వాత కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 66. మూడేళ్ల తర్వాత 1893లో బ్రిటిష్ పార్లమెంటు అంధ బాలబాలికలకు 5 నుంచి 16 ఏళ్ల వరకు చదువును తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. ఆయన నలుగురితో ఇంట్లో మొదలుపెట్టిన సంఘం 1914లో జాతీయ అంధుల సంస్థగా, 1953లో రాయల్ అనే గౌరవంతో మరింత పెద్ద సంస్థగా ఎదిగింది. అయితే సంస్థ పెరిగేకొద్దీ కళ్లున్న పెద్దల పెత్తనం కూడా పెరిగింది. 20వ శతాబ్దంలో అక్కడి అంధుల సంఘాలు కమిటీల్లో తమకు చోటు కావాలని మళ్లీ పోరాడాల్సి వచ్చింది. 1920లో అంధ కార్మికులు దయాధర్మాలు చాలవని, న్యాయం కావాలని కోరుతూ దేశం నలుమూలల నుంచి లండన్‌కు కాలినడకన తరలివచ్చారు. మంచి నియమాన్ని పెట్టడం కన్నా నిలుపుకోవడమే కష్టమని ఈ చరిత్ర మనల్ని హెచ్చరిస్తోంది.

ఆ రోజుల లండన్ గొడవే తర్వాత మన దేశంలోనూ నడిచింది. భారతీయ భాషలకు మిషనరీలు, ఉపాధ్యాయులు ఎవరికి వారు వేర్వేరు బ్రెయిలీ పద్ధతులు తయారుచేయడంతో ఒక చోట నేర్చింది మరో చోట పనికిరాకుండా పోయింది. చివరికి 1951లో యునెస్కో సాయంతో భారతి బ్రెయిలీ పేరిట ఉమ్మడి పద్ధతి కుదిరింది. మన తెలుగు బ్రెయిలీ అందులోదే. యునెస్కో తరఫున ప్రపంచ బ్రెయిలీ మండలికి అధ్యక్షత వహించిన క్లూతా మెకంజీ కూడా 1915లో గల్లిపోలి యుద్ధంలో రెండు కళ్లూ కోల్పోయిన వ్యక్తే. ఈ రోజు ఒక తెలుగు అంధ విద్యార్థి వేళ్ల కింద కదిలే ప్రతి చుక్క వెనుకా, తమ అవసరమేమిటో తామే చెప్పుకున్న అంధుల కృషి ఉంది.

యెరికో దారి పక్కన బిచ్చమెత్తుకుంటున్న బర్తిమయి ఉదంతం మనకు కొట్టినపిండి (మార్కు 10:46-52). అతను కేకలు వేస్తుంటే ఊరుకొమ్మని గద్దించింది జనసమూహం. యేసు మాత్రం ఆగి, అతన్ని పిలిపించి, తన కోసం ఏం చేయాలని కోరుతున్నాడో అతన్నే అడిగాడు. గుడ్డివాడికి ఏం కావాలో ఆ దారిన పోయే పసివాడైనా చెప్పగలడు, సర్వమెరిగిన దేవునికి తెలియదా? అయినా అడిగాడు. ఎందుకంటే ఆయన దృష్టిలో బర్తిమయి సాయం పొందే చెయ్యి మాత్రమే కాదు, సొంత మాట ఉన్న మనిషి. స్వస్థత పొందాక బర్తిమయి యేసు వెంట నడిచాడు. యేసు ఎంతో సహజంగా అడిగిన ఆ ప్రశ్నను ఆయన సంఘమైన మనం మాత్రం ఎందుకో మర్చిపోతుంటాం.

మన చర్చిల్లో చూపులేని విశ్వాసులు ఉన్నారు. చాలామంది చక్కగా పాడతారు, కీబోర్డు వాయిస్తారు, వాక్యం కంఠతా చెబుతారు. వేదిక మీద వారిని చూసి మనం మెచ్చుకుంటాం, కన్నీరు కూడా పెట్టుకుంటాం. కాని సంఘ కమిటీలో వారిలో ఎంతమంది ఉన్నారు? చర్చి కొత్త భవనం కట్టేటప్పుడు మెట్ల గురించి, దారి గురించి వారిని అడిగామా? పాటల పుస్తకం వారికి బ్రెయిలీలో కావాలా, ఫోన్‌లో వినేలా కావాలా అని కనుక్కున్నామా? పిల్లల సండేస్కూలులో, స్త్రీల సమాజంలో, యూత్ మీటింగుల్లో వారికి బాధ్యతలు అప్పజెప్పామా? వారి పేరు మీద విరాళాలు పోగుచేసినప్పుడు, వాటిని ఎలా ఖర్చుపెట్టాలో చెప్పే కుర్చీ వారికి వేశామా? వారి కోసం ప్రార్థించే మనం, వారి నాయకత్వం కింద పనిచేయడానికి సిద్ధమేనా?

జవాబు చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉంటే అదీ మంచిదే. వచ్చే కమిటీ సమావేశానికి మన సంఘంలోని ఒక అంధ సహోదరుణ్ణో, సహోదరినో పిలిచి, వారు చెప్పేది పూర్తిగా వినడంతో మొదలుపెడదాం. వారు చెప్పేది మనం ఊహించినదానికి భిన్నంగా ఉండవచ్చు, మనం ఎంతో ఖర్చుపెట్టి చేసింది వారికి అక్కరకు రాలేదని తేలవచ్చు. ఆర్మిటేజ్ నాటి దాతలకు ఎదురైంది సరిగ్గా అదే. అయినా సరే, బర్తిమయిని గద్దించిన జనంతో కాక, ఆగి అతన్ని అడిగిన ప్రభువుతో నిలబడటమే సంఘానికి క్షేమం.