జిమ్ థార్ప్: ఆర్మీ టీమ్‌ను చిత్తు చేసిన చిన్న స్కూల్ హీరో.. మెడల్స్ లాక్కున్నారు.. పూర్తి న్యాయం దక్కేసరికి 110 ఏళ్లు!

జూలైలో ఒలింపిక్స్‌లో రెండు గోల్డ్ మెడల్స్. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో వీరవిహారం. జనవరి వచ్చేసరికి మెడల్స్ వెనక్కి! జిమ్ థార్ప్ జీవితంలో ఇదంతా ఏడు నెలల్లోనే జరిగిపోయింది. 20వ శతాబ్దపు గొప్ప అథ్లెట్లలో ఒకడిగా ప్రపంచం చెప్పుకునే ఈ నేటివ్ అమెరికన్ ఆటగాడు చేసిన తప్పేంటి? అతని ఆటతో పేరు, డబ్బు సంపాదించుకున్న వాళ్లు కష్టకాలంలో ఏం చేశారు? ఆ కథేంటో చూద్దాం.

కవల సోదరుడి మరణం.. దూరంగా స్కూల్

థార్ప్ 1887లో ఇప్పటి ఓక్లహోమా ప్రాంతంలో పుట్టాడు. శాక్ అండ్ ఫాక్స్ తెగ. సొంత భాషలో అతని పేరు వా-థో-హుక్. వెలుగు దారి అనే అర్థం చెబుతారు. కవల సోదరుడు చార్లీ చిన్నతనంలోనే న్యుమోనియాతో చనిపోయాడు. తర్వాత తల్లి, తండ్రి కూడా పోయారు. చదువు మీద మనసు నిలవలేదు. స్కూళ్ల నుంచి ఇంటికి పారిపోయి వచ్చేవాడు.

1904లో పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఇండియన్ ఇండస్ట్రియల్ స్కూల్‌లో చేరాడు. ఇది మామూలు బడి కాదు. 1879లో పాత సైనిక బ్యారక్‌లలో మొదలుపెట్టిన ప్రభుత్వ బోర్డింగ్ స్కూల్. తెగల పిల్లలను ఇళ్ల నుంచి దూరంగా తెచ్చి, జుట్టు కత్తిరించి, యూనిఫాం వేసి, సొంత భాష మాట్లాడనివ్వకుండా తెల్లవాళ్లలా మార్చడమే దాని లక్ష్యం. అక్కడి శ్మశానంలో 180 మందికి పైగా పిల్లల సమాధులు ఉన్నాయంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

పని బట్టల్లోనే హై జంప్

ఆ స్కూల్‌కు బయట పేరు తెచ్చింది మాత్రం ఫుట్‌బాల్. ఇది మన దగ్గర ఆడే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. కోచ్ పేరు గ్లెన్ వార్నర్. అందరూ పాప్ వార్నర్ అనేవారు.

1907లో ఓ రోజు స్కూల్ కుర్రాళ్లు హై జంప్ ప్రాక్టీస్ చేస్తున్నారట. అటుగా వెళ్తున్న థార్ప్, పని బట్టల్లోనే వచ్చి వాళ్లు దాటలేకపోయిన బార్‌ను దాటేశాడని చెబుతారు. విషయం వార్నర్‌కు తెలిసింది. ముందు ట్రాక్ టీమ్‌లోకి, తర్వాత ఫుట్‌బాల్ టీమ్‌లోకి తీసుకున్నాడు.

1909లో థార్ప్ స్కూల్ వదిలి నార్త్ కరోలినా వెళ్లాడు. రెండు సీజన్లు అక్కడి చిన్న లీగ్‌లో బేస్‌బాల్ ఆడి కొద్దిపాటి డబ్బు తీసుకున్నాడు. అప్పట్లో చాలామంది కాలేజీ కుర్రాళ్లు సెలవుల్లో ఇదే పని చేసేవారు. కాకపోతే వాళ్లు దొంగ పేర్లతో ఆడేవారు. థార్ప్ సొంత పేరుతోనే ఆడాడు. ఆ ఒక్క తేడా తర్వాత అతని కొంప ముంచింది.

హార్వర్డ్‌కు షాక్

1911లో వార్నర్ అతన్ని మళ్లీ కార్లైల్‌కు రప్పించాడు. ఆ ఏడాది నవంబర్ 11న కార్లైల్ తలపడింది హార్వర్డ్‌తో. ఒక పక్క దేశంలోనే పెద్ద యూనివర్సిటీ. మరో పక్క కాలేజీ స్థాయి కూడా లేని స్కూల్. గాయపడిన కాలికి కట్టుతోనే థార్ప్ నాలుగు ఫీల్డ్ గోల్స్ కొట్టాడు. కార్లైల్ 18-15తో గెలిచింది. ఆ సీజన్‌లో 11 విజయాలు, ఒక్కటే ఓటమి. అది కూడా సిరాక్యూస్ చేతిలో 11-12తో, ఒక్క పాయింట్ తేడాతో!

స్టాక్‌హోమ్‌లో డబుల్ గోల్డ్

1912 జూలైలో స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో ఒలింపిక్స్ జరిగాయి. ఐదు ఈవెంట్ల పెంటాథ్లాన్, పది ఈవెంట్ల డెకాథ్లాన్.. రెండింట్లోనూ థార్ప్‌దే గోల్డ్. డెకాథ్లాన్‌లో 8,412 పాయింట్లు సాధించాడు. రెండో స్థానంలో నిలిచిన స్వీడన్ అథ్లెట్ హ్యూగో వీస్‌లాండర్ దాదాపు 700 పాయింట్లు వెనకబడ్డాడు. స్వీడన్ రాజు గుస్టావ్ స్వయంగా అభినందించాడు. న్యూయార్క్‌లో భారీ ఊరేగింపు జరిగింది. ఇంత జరిగినా సొంత దేశంలో నేటివ్ అమెరికన్లు అందరికీ ఇంకా పౌరసత్వం లేదు. ఆ చట్టం వచ్చింది 1924లో!

14 మ్యాచ్‌లు.. 504 పాయింట్లు

ఒలింపిక్ హీరో నేరుగా స్కూల్ టీమ్‌లోకి వచ్చేశాడు. 1912 సీజన్ మొదలైంది. ఆల్‌బ్రైట్‌పై 50-7, లెబనాన్ వ్యాలీపై 45-0, డికిన్సన్‌పై 34-0, విల్లనోవాపై 65-0. వాషింగ్టన్ అండ్ జెఫర్సన్‌తో మాత్రం 0-0తో డ్రా. ఆ తర్వాత పాత బాకీ ఉన్న సిరాక్యూస్‌ను 33-0తో మట్టికరిపించారు.

కార్లైల్ కుర్రాళ్లు బరువులో చాలా టీమ్‌ల కంటే తక్కువ. అందుకే వార్నర్ బలం కంటే వేగాన్ని, ఎత్తులను నమ్ముకున్నాడు. బంతి ఎవరి చేతిలో ఉందో ప్రత్యర్థికి అర్థమయ్యేలోపే పరుగు అయిపోయేది. క్వార్టర్‌బ్యాక్ గస్ వెల్చ్ ఆటను నడిపిస్తే, థార్ప్ పరుగెత్తేవాడు, తన్నేవాడు, అడ్డుకునేవాడు.

నవంబర్ 9న అసలు పరీక్ష. వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీ గ్రౌండ్‌లో ఆర్మీ టీమ్‌తో మ్యాచ్. అప్పటికి 22 ఏళ్ల కిందటే, 1890 డిసెంబర్‌లో, వూండెడ్ నీ దగ్గర అమెరికా సైన్యం లకోటా తెగ ఆడవాళ్లు, పిల్లలతో సహా వందల మందిని కాల్చి చంపింది. ఇప్పుడు ఒకవైపు కాబోయే సైనికాధికారులు. ఎదురుగా తెగల బిడ్డలు. ఆయుధాలు లేవు, బంతి ఒక్కటే. మ్యాచ్‌కు ముందు వార్నర్ తన కుర్రాళ్లకు ఆ చరిత్రనే గుర్తుచేశాడని చెబుతారు.

ఫలితం.. కార్లైల్ 27, ఆర్మీ 6. వరసబెట్టి మీదపడుతున్నా థార్ప్‌ను ఆపడం ఆర్మీ వల్ల కాలేదు. ఆ రోజు ఆర్మీ తరఫున ఆడిన కుర్రాళ్లలో ఐజన్‌హోవర్ ఒకరు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఆయన, దశాబ్దాలు గడిచాక కూడా థార్ప్ ఆటను మెచ్చుకుంటూ గుర్తుచేసుకున్నారు.

వారం తిరక్కుండానే పెన్సిల్వేనియా యూనివర్సిటీ చేతిలో 26-34తో ఓటమి. ఆ సీజన్‌లో అదొక్కటే. చివరి మ్యాచ్‌లో బ్రౌన్‌పై 32-0. మొత్తం 12 విజయాలు, ఒక ఓటమి, ఒక డ్రా. స్కూల్ చేసిన పాయింట్లు 504. ఇచ్చినవి 114.

రెండు నెలలకే పిడుగు

1913 జనవరిలో ఓ పత్రిక థార్ప్ బేస్‌బాల్ సంగతి బయటపెట్టింది. అప్పటి రూల్ ప్రకారం డబ్బు కోసం ఏ ఆట ఆడినా ఒలింపిక్స్‌కు అనర్హులే. థార్ప్ దాచలేదు. డబ్బు తీసుకున్న మాట నిజమేనని, అది తప్పని తెలియదని లేఖ రాశాడు. తనకేమీ తెలియదని వార్నర్ చేతులు దులుపుకున్నాడు. ఆయనకు ముందే తెలుసని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

ఇంకో విషయం. అభ్యంతరాలు ఏవైనా క్రీడలు ముగిసిన 30 రోజుల్లోపే చెప్పాలని స్టాక్‌హోమ్ నిబంధన. అప్పటికి దాదాపు ఆరు నెలలు దాటింది. అయినా ఎవరూ పట్టించుకోలేదు. మెడల్స్ వెనక్కి వెళ్లాయి. రికార్డుల్లోంచి పేరు కొట్టేశారు.

అతను పరుగెత్తిన మ్యాచ్‌లకు జనం టికెట్లు కొన్నారు. ఆ డబ్బు స్కూల్ అథ్లెటిక్ ఫండ్‌లోకి వెళ్లింది. అది తప్పు కాలేదు. రెండు వేసవుల్లో అతను తీసుకున్న చిల్లర డబ్బే తప్పయింది. ఆ ఫండ్ లెక్కల మీద 1914లో అమెరికా కాంగ్రెస్ కమిటీ విచారణ కూడా జరిపింది. విచారణ కోరిన వాళ్లలో గస్ వెల్చ్ ముందున్నాడు. ఆ తర్వాత వార్నర్ కార్లైల్ వదిలి పిట్స్‌బర్గ్ కోచ్‌గా వెళ్లిపోయాడు. 1918లో స్కూలే మూతపడింది.

చేతిలో పలుగు, పార

థార్ప్ ఆట ఆపలేదు. న్యూయార్క్ జెయింట్స్‌కు బేస్‌బాల్ ఆడాడు. క్యాంటన్ బుల్‌డాగ్స్‌కు ఫుట్‌బాల్ ఆడాడు. 1920లో పుట్టిన ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ సంఘానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. అదే నేటి ఎన్‌ఎఫ్‌ఎల్.

వయసు మీదపడ్డాక చేతిలో డబ్బు నిలవలేదు. ఆర్థిక మాంద్యం రోజుల్లో మట్టి పని చేశాడు. సినిమాల్లో చిన్నా చితకా వేషాలు వేశాడు. 1932లో లాస్ ఏంజెలిస్‌లో ఒలింపిక్స్ జరుగుతుంటే టికెట్ కొనే స్తోమత లేదు. విషయం తెలిసి, నేటివ్ మూలాలున్న ఉపాధ్యక్షుడు చార్లెస్ కర్టిస్ తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. స్టేడియంలో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

1950లో అమెరికా స్పోర్ట్స్ జర్నలిస్టులు అర్ధ శతాబ్దపు ఉత్తమ అథ్లెట్‌గా అతన్నే ఎన్నుకున్నారు. మెడల్స్ మాత్రం రాలేదు. 1953 మార్చి 28న కాలిఫోర్నియాలో గుండెపోటుతో చనిపోయాడు. వయసు 65.

చివరికి న్యాయం

1982లో ఒలింపిక్ కమిటీ దిగొచ్చింది. మరుసటి ఏడాది కుటుంబానికి మెడల్స్ నమూనాలు ఇచ్చింది. అయితే ఉమ్మడి విజేతగానే ప్రకటించింది. 2022 జూలైలో, గెలిచిన సరిగ్గా 110 ఏళ్లకు, రెండు ఈవెంట్లలోనూ జిమ్ థార్ప్ ఒక్కడే విజేత అని రికార్డు సరిచేసింది.

అతని సమాధి ఇప్పటికీ సొంత నేల మీద లేదు. మూడో భార్య ఒప్పందంతో పెన్సిల్వేనియాలోని ఓ ఊరికి చేరింది. అతని పేరు పెట్టుకున్న ఆ ఊరితో బతికున్నప్పుడు అతనికి పెద్దగా సంబంధమే లేదు. తండ్రిని ఓక్లహోమాకు తెచ్చుకోవాలని కొడుకులు కోర్టుకెక్కారు. 2015లో సుప్రీంకోర్టు కేసు వినడానికి నిరాకరించింది. మెడల్స్ తిరిగొచ్చాయి.. థార్ప్ మాత్రం ఇంకా ఇల్లు చేరలేదు.