రక్తం చెప్పే సాక్ష్యం – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దాటి, పలాస మీదుగా ఇచ్ఛాపురం వైపు సాగే తీరప్రాంతంలో ఉద్దానం ఉన్నది. ఉద్యానవనం అనే మాటే ఉద్దానంగా మారిందని పెద్దలు చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో కనులపండువుగా ఉండే ఆ నేలకు ఆ పేరు తగినదే. కాని కొన్ని దశాబ్దాలుగా ఈ పచ్చని సీమను మూత్రపిండాల వ్యాధి పట్టి పీడిస్తున్నది. మధుమేహం లేని రైతులు, కూలీలు సైతం నడివయస్సులోనే దీని వాత పడుతున్నారు. తొలిదశలో నొప్పి ఉండదు, బాధ తెలియదు. తనకు జబ్బు ఉన్నదని మనిషి గ్రహించే సరికే మూత్రపిండాలు చాలావరకు దెబ్బతిని ఉంటాయి. అందువల్లనే కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస వంటి మండలాలలో చదువు రానివారికి కూడా క్రియాటినిన్ అనే మాట సుపరిచితం. రక్తపరీక్షలో ఆ అంకె ఎంత వచ్చిందన్న దానిపై ఒక కుటుంబం భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది.

కంటికి కనిపించని వ్యాధిని రక్తం, మూత్రం, కఫం వంటి వాటిలోని ఆనవాళ్ల ద్వారా పసిగట్టడం ఆధునిక వైద్యానికి పునాది. క్షయ రోగి కఫంలో సూక్ష్మజీవిని వెదకడం ఎటువంటిదో, మూత్రపిండాల రోగి రక్తంలో క్రియాటినిన్‌ను కొలవడం అటువంటిది. శరీరంలోని రసాయనాలను కచ్చితంగా కొలిచే విద్యకు వన్నె తెచ్చిన తెలుగు శాస్త్రవేత్త డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రి అనారోగ్యం వల్ల కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది. బాల్యంలో సుబ్బారావుకు చదువుపై శ్రద్ధ ఉండేది కాదు. పదమూడవ ఏట, కాశీలో అరటిపండ్లు అమ్మి ధనం సంపాదించాలని ఇల్లు విడిచి బయలుదేరారు. తల్లి వెదకించి, వెనుకకు రప్పించి, తిరిగి బడిలో చేర్చారు. మూడవ ప్రయత్నంలో గాని ఆయన మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులు కాలేదు. తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తిచేసి, మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు అండగా నిలిచారు.

గాంధీజీ పిలుపునకు స్పందించిన సుబ్బారావు ఖద్దరు ధరించి కళాశాలకు వెళ్లేవారు. అది శస్త్రచికిత్స ఆచార్యునికి నచ్చలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో ఆయన తృప్తిపడవలసి వచ్చింది. ఇంతలో మరొక పిడుగు పడింది. స్ప్రూ అనే ఉష్ణమండల వ్యాధి సోకి ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాతో మరణించారు. అదే వ్యాధి ఆయనకూ సోకింది. ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చికిత్సతో ఆయన కోలుకున్నారు. తిన్న అన్నం ఒంటబట్టక మనిషి క్షీణించిపోయే ఆ వ్యాధికి మూలమేమిటో ఆనాటి వైద్యులకు తెలియదు. ఆ తెలియనితనమే సుబ్బారావును పరిశోధన వైపు నడిపించింది.

లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం శరీరనిర్మాణ శాస్త్రం బోధించి, 1922 అక్టోబరులో సుబ్బారావు అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం ధర్మసంస్థ, మామగారు ఆయన ప్రయాణానికి సహాయపడ్డారు. హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యం అభ్యసిస్తూ, పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే పనికి కూడా వెనుదీయలేదు. భార్య శేషగిరి స్వదేశంలోనే ఉండిపోయారు. మళ్లీ ఆ దంపతులు కలుసుకోలేదు.

హార్వర్డు వైద్య కళాశాల జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే అనే శాస్త్రజ్ఞుని వద్ద ఆయన పరిశోధన ఆరంభించారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉన్నదో తెలుసుకోవడం అప్పట్లో శ్రమతో కూడిన పని. వారిద్దరూ సులభమైన విధానాన్ని రూపొందించారు. ఆమ్ల ద్రావణంలో మాలిబ్డేటు అనే లవణాన్ని, దానితోపాటు మరొక రసాయనాన్ని కలిపితే ఫాస్ఫేటు ఉన్న నమూనా నీలిరంగుకు మారుతుంది. రంగు ఎంత గాఢంగా ఉంటే ఫాస్ఫేటు అంత ఎక్కువగా ఉన్నట్లు. 1925లో ప్రకటించిన ఈ పద్ధతి ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది.

ఆ నీలిరంగే వారికి మరొక రహస్యాన్ని విప్పి చెప్పింది. కండరాల నుండి తీసిన సారాన్ని పరీక్షించినపుడు రంగు వెంటనే పూర్తిగా రాక, నెమ్మదిగా పెరుగుతూ పోయింది. ఇతరులైతే దానిని పరీక్షలోని లోపమని విడిచిపెట్టేవారేమో! ద్రావణంలో ఏదో పదార్థం విచ్ఛిన్నమై, భాస్వరాన్ని క్రమంగా విడుదల చేస్తున్నదని వారు గ్రహించారు. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో వారు దానిని వెల్లడించారు. కండరానికి తక్షణ శక్తిని అందించే నిల్వ అది. 1929లో, జీవకణాల శక్తికి ఆధారమైన ఎ.టి.పి.ని కూడా కండరాలలో గుర్తించారు. 1930లో సుబ్బారావు పిహెచ్.డి. పట్టం పొందారు.

మన కండరాలలోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్‌లు ప్రతిదినం కొద్దికొద్దిగా క్రియాటినిన్‌గా మారుతుంటాయి. ఆ వ్యర్థాన్ని మూత్రపిండాలు వడపోసి వెలుపలికి పంపుతాయి. వాటి శక్తి సన్నగిల్లినపుడు అది రక్తంలో పేరుకుంటుంది. దానిని రంగు ఆధారంగా కొలిచే మార్గానికి 1886లో జర్మనీకి చెందిన మాక్స్ యాఫె బాట వేయగా, ఆటో ఫోలిన్ 1904లో దానిని పరీక్షగా తీర్చిదిద్దారు. ఆ ఫోలిన్ అధిపతిగా ఉన్న విభాగంలోనే సుబ్బారావు పనిచేశారు. ఉద్దానం నివాసి చేతిలోని పరీక్షా పత్రం వెనుక ఇందరి కృషి దాగి ఉన్నది.

హార్వర్డులో స్థిరమైన పదవి లభించకపోవడంతో సుబ్బారావు 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు తరలివెళ్లారు. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది ఔషధమయింది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ 1947లో రక్త క్యాన్సరు సోకిన పిల్లలపై ప్రయోగించి, రక్తకణాలలో వచ్చిన మార్పులను బట్టి దాని ప్రభావాన్ని గుర్తించారు. బోదకాలుకు వాడే హెట్రజాన్ కూడా ఈ ప్రయోగశాలల వరమే. ఉత్తరాంధ్ర తీరవాసులకు ఆ మాత్ర కొత్తది కాదు. ఆరియోమైసిన్ అనే జీవనాశకం కూడా ఆయన పర్యవేక్షణలో జరిగిన కృషి ఫలితమే. ఇంత చేసినా ఆయన కీర్తి కోసం ప్రాకులాడలేదు. 1948 ఆగస్టులో, యాభై మూడేళ్ల వయస్సులో నిద్రలోనే కన్నుమూశారు. 1995లో భారత ప్రభుత్వం ఆయన శతజయంతి సందర్భంగా తపాలా బిళ్లను విడుదల చేసింది.

ఆయన మరణించిన నాలుగైదు దశాబ్దాలకు ఉద్దానం వ్యాధి వైద్యుల దృష్టికి వచ్చింది. నీరు, ఎండలో శ్రమ, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం మొదలైన కారణాలను శాస్త్రజ్ఞులు పరిశీలించారు. ఇదే ఏకైక కారణమని ఇంకా తేలలేదు. ఈ వ్యాధిలో మూత్రంలో మాంసకృత్తులు అంతగా కనిపించవు. కనుక మూత్రపరీక్ష ఒక్కటే చాలదు. క్రియాటినిన్‌కూ పరిమితులున్నాయి. మూత్రపిండాల శక్తి సుమారు సగం తగ్గేవరకు అది స్పష్టంగా పెరగకపోవచ్చు. కండపుష్టి లేని శ్రామికునిలో వ్యాధి ఉన్నా అంకె తక్కువగానే కనిపించవచ్చు. అందుకే కండరాలపై అంతగా ఆధారపడని సిస్టాటిన్–సి వంటి సూచికలపై పరిశోధనలు సాగుతున్నాయి. డయాలసిస్ రోగుల రక్తంలో భాస్వరాన్ని క్రమం తప్పక కొలుస్తారు. మాలిబ్డేటు చర్యే నేటికీ ఆ పరీక్షకు ఆధారం.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండాల పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుండి ఉద్దానం గ్రామాలకు శుద్ధజలం అందించే పథకమూ అప్పుడే మొదలయింది. కాని వ్యాధి మూలాన్ని కనుగొనే పని మిగిలే ఉన్నది. నీలిరంగు ఆలస్యంగా వచ్చిన కారణాన్ని సుబ్బారావు ఓర్పుతో వెదికారు. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పిన విద్యార్థి ఆయన. అటువంటి ఓర్పు గల యువతీయువకుల కోసం ఉద్దానం ఎదురుచూస్తున్నది.