చల్లని వెలుగును గుర్తించిన లోసెవ్

బిలాస్‌పూర్ రైల్వే స్టేషన్‌లోనైనా, దయాల్‌బంద్ వీధుల్లోనైనా ఎల్ఈడీ దీపం నేడు వింత కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన తరువాత ఆ నగర వీధుల్లో అమర్చినవీ ఈ దీపాలే. వీటికి మూలమైన వెలుగును తొలిసారి లోతుగా పరిశోధించిన వ్యక్తి రష్యా శాస్త్రవేత్త ఒలెగ్ లోసెవ్.

ఆయన 1903 మే 10న త్వేర్ పట్టణంలో జన్మించారు. తండ్రి రైలు పెట్టెల కర్మాగారంలో కార్యాలయోద్యోగి. రైల్వే ఊళ్ళలో పెరిగినవారికి ఆ ఇంటి వాతావరణం ఊహకందనిది కాదు. పాఠశాల చదువు ముగించి నిజ్నీ నోవ్‌గొరోద్ రేడియో ప్రయోగశాలకు వెళ్ళిన లోసెవ్‌కు అక్కడ తొలుత దొరికింది బంట్రోతు కొలువు మాత్రమే. అయినా ఇరవై ఏళ్ళు నిండకముందే, 1922లో, జింకైట్ స్ఫటికంతో రేడియో సంకేతాలను బలపరచవచ్చునని నిరూపించారు. వాల్వులు లేని ఆ రేడియో 'క్రిస్టడైన్' పేరుతో విదేశాల్లోనూ ప్రసిద్ధి పొందింది.

అసలు కథ కార్బోరండంది. ఈ స్ఫటికానికి సన్నని లోహపు మొనను తాకించి విద్యుత్తు పంపితే అక్కడ మసక వెలుగు కనిపించేది. 1907లోనే బ్రిటన్ ఇంజనీరు హెన్రీ రౌండ్ దీనిని గమనించి, చిన్న లేఖ ప్రచురించి ఊరుకున్నారు. లోసెవ్ ఊరుకోలేదు. అది వేడివల్ల పుట్టిన వెలుగా? వెలుగుతున్న స్ఫటికంపై బెంజీన్ చుక్క వేసి చూశారు. అది మెల్లగా ఆవిరైంది. కనుక ఇది వేడి వెలుగు కాదు. సాధారణ బల్బులో తీగ తెల్లగా కాలితే తప్ప వెలుగు రాదు, విద్యుత్తులో అధిక భాగం వేడిగా పోతుంది. ఇక్కడ ఆ మధ్యవర్తి లేదు. ఆ వెలుగు స్ఫటికంలోని అతి పలుచని పొరనుండి వస్తున్నదనీ, కాంతివిద్యుత్ ఫలితానికి ఇది విపర్యయమనీ ఆయన గ్రహించారు. వెలుగు అతివేగంగా వెలిగి ఆరగలదు గనుక సమాచార ప్రసారానికి పనికివస్తుందని 1927లో పేటెంటుకు దరఖాస్తు చేశారు.

అయితే దీపం కావడానికి ఆ కాంతి చాలలేదు. లోపం ఆలోచనలో కాదు, పదార్థంలో. కార్బోరండంలో విద్యుచ్ఛక్తి కాంతిగా మారే అవకాశం సహజంగానే స్వల్పం. దానిని వివరించే అర్ధవాహక సిద్ధాంతం అప్పుడప్పుడే రూపుదిద్దుకుంటున్నది.

విశ్వవిద్యాలయ పట్టా లేని లోసెవ్‌కు 1938లో సిద్ధాంత గ్రంథం లేకుండానే పరిశోధన పట్టా దక్కింది. అప్పటికి ఆయన లెనిన్‌గ్రాద్ వైద్య విద్యాసంస్థలో భౌతికశాస్త్రం బోధిస్తున్నారు. జర్మన్ సేనలు నగరాన్ని ముట్టడించాయి. 1942 జనవరి 22న, 38 ఏళ్ళ వయసులో, లోసెవ్ ఆకలితో మరణించారు.

సరైన పదార్థం తరువాతి తరాలకు దొరికింది. 1962లో నిక్ హోలోన్యాక్ గాలియం ఆర్సెనైడ్ ఫాస్ఫైడ్‌తో ఎర్రని వెలుగు తెచ్చారు. గాలియం నైట్రైడ్‌తో నీలి వెలుగు సాధించి, తెల్లని దీపానికి దారి వేసిన ముగ్గురు జపాన్ సంతతి శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ లభించింది. నైట్రైడ్ దీపాలలో కొన్నింటికి నేడు ఆధారపు పలకగా వాడేది కార్బోరండమే.