హాండెల్: ఇటు కాలేజీ, అటు చర్చి

పిల్లలూ, పాటలో పడితే చదువు పోతుందని మీ ఇంట్లో అంటుంటారా? జర్మనీలోని హాలె పట్టణంలో 1685లో పుట్టిన హాండెల్‌దీ అదే కథ. శస్త్రవైద్యుడైన తండ్రి కొడుకు లాయరు కావాలనుకున్నాడు, 1697లో కన్నుమూశాడు. 1702 ఫిబ్రవరిలో హాండెల్ హాలె విశ్వవిద్యాలయంలో చేరాడు. మరుసటి నెలలోనే అక్కడి కాథెడ్రల్‌లో ఆర్గన్ వాయించే పని దొరికింది, ఏడాది గడువుతో. చర్చి కాల్వినిస్టులది, తను లూథరన్. అయినా గడువు తీరేదాకా వాయించాడు. 1703లో హాంబర్గ్ వెళ్లి ఒపేరాలో వయొలిన్ పట్టాడు. 1759లో లండన్‌లో చనిపోతే వెస్ట్‌మిన్‌స్టర్ ఆబేలో సమాధి చేశారు.

చదువు మానమని చెప్పడం లేదు సుమా! ఒప్పుకొన్న పని పూర్తిచేశాకే ఆయన తన దారి చూసుకున్నాడు. మీకు పాటో, వాద్యమో వస్తే దాచుకోకుండా మీ క్లాసు టీచరుకు చెప్పండి.