యల్లాప్రగడ సుబ్బారావు

మెదకు ప్రాంతపు రైతు కళ్లములో ధాన్యమును తూర్పారబట్టునపుడు పొల్లు గాలికి ఎగిరిపోయి గింజ నిలుచును. కంటికి కనబడు వానిని వేరుచేయుట ఇట్లు సులభము. కంటికి కానరాని పదార్థములను వేరుచేయుటకు ఒక జీవితమంతయు పట్టవచ్చును. అట్టి జీవితమును గడపిన మహనీయుడు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. పదుమూడవ యేట, కాశిలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి బయలుదేరెను. తల్లి వెనుకకు రప్పించి మరల బడికి పంపెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయములు తప్పి, మూడవ పర్యాయము ఉత్తీర్ణుడయ్యెను.

మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహమునకు గురియయ్యెను. అందుచే ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. ఆ దినములలోనే స్ప్రూ అను గ్రహణివ్యాధి ఆయన సోదరులిద్దరిని స్వల్పకాలములో బలిగొనెను. వైద్యము నేర్చియు వారిని కాపాడలేకపోతినను బాధ ఆయనను విడువలేదు.

మామగారి సాయముతో అమెరికా చేరి, ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేయుచు హార్వర్డులో చదివెను. 1925లో ఫిస్కేతో కలిసి, రక్తములోని భాస్వరమును నీలివర్ణపు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని ప్రకటించెను. ఆ పద్ధతియే కండరములలో శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అను పదార్థములను వేరుచేయుటకు త్రోవచూపెను.

కాలేయమును తినిపించినచో కొన్ని రక్తహీనతలు తగ్గునని బోస్టను వైద్యులు 1926లో చూపిరి. అందలి ఏ పదార్థము మేలుచేయుచున్నదో తేల్చుట కష్టమయ్యెను. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరిన సుబ్బారావు తన సహచరులతో ఆ పనికి పూనుకొనెను. కాలేయరసమును బొగ్గుపొడితో కలిపినచో కావలసిన పదార్థము బొగ్గును అంటుకొనును. పెక్కు మలినములు రసములోనే మిగులును. పిదప అమ్మోనియా కలిసిన ద్రవముతో కడిగినచో అంటుకొన్నది విడివడును. విడివడిన ప్రతి భాగమును సూక్ష్మజీవులకు ఆహారముగా నిచ్చి, అవి వృద్ధిపొందిన భాగమునందే ఆ పదార్థము కలదని గుర్తించుచుండిరి. ఇట్లు లభించినదే ఫోలిక్ ఆమ్లము. 1945 నాటికి దానిని ప్రయోగశాలలోనే తయారుచేయగలిగిరి. అది స్ప్రూ రోగులకు కొత్త బలమునిచ్చెను. సోదరులను బలిగొన్న వ్యాధికి మందు దొరికినది. కాని వారు లేరు.

ఆయన ఆధ్వర్యమున బోదకాలు వ్యాధికి హెట్రజాన్, అంటురోగములకు ఆరియోమైసిన్ వెలువడెను. ఫోలిక్ ఆమ్లమునకు విరుద్ధముగా పనిచేయు మందులు పసిపిల్లల రక్తపు క్యాన్సరును అణచునని 1948లో రుజువయ్యెను. ఆ యేడే ఆగస్టు మాసమున ఆయన నిద్రలోనే కన్నుమూసెను. మరల జన్మభూమిని చూడలేదు.

పరీక్షలో తప్పిన బాలుడు లోకమునకు ప్రాణదాత యయ్యెను. ఓర్పుతో పొల్లును తొలగించువానికే గింజ దక్కును.