తనవారికే నిజం చెప్పిన విలేకరి షోయబుల్లా ఖాన్

రామన్నపేట స్టేషనులో రైలెక్కి సికింద్రాబాదుకు వెళ్ళేటప్పుడు దారిలో బీబీనగర్ వస్తుందని మీకు తెలుసు. 1948 జనవరిలో ఆ ఊరి మీద రజాకార్లు పడి ఇళ్ళు దోచుకున్నారని మాత్రం నేటి పిల్లల్లో చాలామందికి తెలియదు. మనకు దగ్గరలోనే ఉన్న గుండ్రాంపల్లిలో ఊరివారిని చంపి తగులబెట్టిన సంగతిని తాతల నోట విన్నవారు మన మధ్య ఇంకా ఉన్నారు. అయితే ఒక ప్రశ్న మీరెప్పుడైనా వేసుకున్నారా? ఆ రోజుల్లో పల్లెల గోడు రాజధానికి ఎవరు వినిపించారు? రాసే చేతినే నరికేస్తామని పాలకుల అండ ఉన్నవారు బెదిరిస్తున్నప్పుడు ఎవరు అచ్చు వేశారు? అలా అచ్చు వేసి ప్రాణమిచ్చిన ఒక యువకుని జీవితాన్ని ఈ వారం మీ ముందుంచుతున్నాము. ఆయన పేరు షోయబుల్లా ఖాన్.

షోయబ్ 1920 అక్టోబరు 17న మానుకోట తాలూకా శుభ్రవేడు గ్రామంలో పుట్టాడు. మానుకోట అంటే నేటి మహబూబాబాద్. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసు శాఖలో ఉద్యోగి. అబ్బాయి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఎ. పూర్తి చేశాడు. ఆ కాలంలో నిజాం రాజ్యంలో పట్టా పుచ్చుకున్న ముస్లిం యువకునికి సర్కారు కొలువు దొరకడం కష్టమేమీ కాదు. షోయబ్ అటు పోలేదు. జీతం తక్కువ, భయం ఎక్కువ అయిన పత్రికా రచనను ఎంచుకున్నాడు.

ఆయన ఎలాంటి కాలంలో కలం పట్టాడో మీరు గుర్తుంచుకోవాలి. పల్లెల్లో దేశ్‌ముఖులు, జాగీర్దారులు వెట్టి చేయించుకుంటున్న రోజులవి. వాటికి ఎదురుతిరిగిన సంఘాలు మన నల్లగొండ జిల్లాలోనే బలంగా లేచాయి. 1946 జూలై 4న, అప్పట్లో ఈ జిల్లాలోనే ఉన్న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగాడు. అక్కడి నుండి పోరు సాయుధ పోరాటంగా మారి 1951 అక్టోబరు దాకా సాగింది. ఆ పోరు నడుస్తుండగానే 1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. నిజాం మాత్రం ఇండియన్ యూనియన్‌లో చేరనన్నాడు. ఇత్తెహాదుల్ ముస్లిమీన్ సంస్థ తయారుచేసిన రజాకారు దళాలు ఊళ్ళ మీద పడ్డాయి. వాటి నాయకుడు లాతూరుకు చెందిన వకీలు కాసిం రజ్వీ.

షోయబ్ మొదట తేజ్ అనే ఉర్దూ వారపత్రికలో పనిచేశాడు. సర్కారు తప్పులను ఎత్తి చూపినందుకు ఆ పత్రిక మూతపడింది. తరువాత మందుముల నరసింగరావు గారి రయ్యత్ పత్రికలో చేరాడు. రయ్యత్ అంటే ప్రజ అనీ, రైతు అనీ అర్థం. పేరుకు తగినట్టే ఆ పత్రిక సామాన్యుల పక్షాన రాసేది. దాన్ని కూడా ప్రభుత్వం ఆపివేసింది. ఇలా పనిచేసిన పత్రికలు రెండూ మూతపడితే మామూలు మనిషి ఏం చేస్తాడు? ఇల్లు గడవడం ముఖ్యమనుకొని మరో ఉద్యోగం చూసుకుంటాడు. షోయబ్ మాత్రం సొంత పత్రిక పెట్టాలనుకున్నాడు. చేతిలో డబ్బు లేదు. ఇంట్లో తల్లి నగలు, భార్య నగలు ఆ పనికి ఖర్చయ్యాయని చెబుతారు. బూర్గుల రామకృష్ణారావు గారి వంటి పెద్దలు తోడు నిలిచారు. 1947 నవంబరు 15న ఇమ్రోజ్ మొదటి సంచిక వెలువడింది. ఇమ్రోజ్ అంటే నేడు, ఈ రోజు అని అర్థం.

ఆ పత్రిక బతికింది తొమ్మిది నెలల చిల్లర మాత్రమే. అంత కొద్దికాలంలోనే రజాకార్లకు అది కంట్లో నలుసయింది. ఎందుకో ఆలోచించండి. రజాకార్ల దురాగతాల గురించి కాంగ్రెసువారు చెప్పారు, ఆర్యసమాజం వారు చెప్పారు, కమ్యూనిస్టులు చెప్పారు, తెలుగు పత్రికలు చెప్పాయి. వారందరినీ కొట్టిపారెయ్యడానికి సర్కారు దగ్గర సిద్ధంగా ఒక జవాబు ఉండేది. వీళ్ళు హిందువులు, మన మతానికి శత్రువులు, ఇదంతా అబద్ధం అనేస్తే సరిపోయేది. కాని ఇమ్రోజ్ సంపాదకుడు ముస్లిం. పత్రిక భాష ఉర్దూ. అది కచ్చేరీల భాష, కోర్టుల భాష, కొత్వాలు భాష. రామన్నపేట రైతు తన బాధను దరఖాస్తుగా రాయించుకోవాలన్నా ఉర్దూ తెలిసినవారి దగ్గరకే వెళ్ళవలసి వచ్చేది. అటువంటి భాషలో, ఏ మతం పేరు చెప్పి దోపిడీ జరుగుతున్నదో ఆ మతంవాడే, ఇది తప్పు అని రాస్తుంటే ఏమని కొట్టిపారేస్తారు?

షోయబ్ రాసిన దాని సారం ఇది. హైదరాబాదులో జరుగుతున్నది హిందువులకు, ముస్లింలకు మధ్య తగాదా కాదు. ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం కావాలా, వద్దా అన్నదే అసలు ప్రశ్న. సంస్థానం యూనియన్‌లో కలవడమే ఇక్కడి ముస్లింలకు కూడా క్షేమం. రజాకార్లను రద్దు చెయ్యాలి. పగలు ఒక ప్రభుత్వం, రాత్రి మరొక ప్రభుత్వం నడుస్తున్నదన్న భావంతో 1948 జనవరిలో ఆయన రాసిన సంపాదకీయం పెద్ద కలకలం లేపింది. బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. జాగ్రత్తగా ఉండమని మిత్రులు చెప్పారు. పత్రిక ఆగలేదు.

1948 ఆగస్టులో మరో ఘట్టం జరిగింది. ఏడుగురు ముస్లిం ప్రముఖులు కలిసి ఒక ప్రకటన తయారుచేశారు. యూనియన్‌లో చేరవలసిందని, రజాకార్లను అదుపు చెయ్యవలసిందని అందులో నిజామును కోరారు. బాకర్ అలీ మీర్జా, ఫరీద్ మీర్జా వంటివారు దానిమీద సంతకం చేశారు. ఆ ప్రకటనను షోయబ్ ఆగస్టు 13న ఇమ్రోజ్‌లో అచ్చు వేశాడు. ముస్లింలందరూ తమ వెంటే ఉన్నారని రజ్వీ చెప్పుకుంటున్న మాట అబద్ధమని దీనితో లోకానికి తెలిసిపోయింది. ఆ తరువాత కొద్దిరోజులకే హైదరాబాదులో జరిగిన సభలో రజ్వీ, తమకు వ్యతిరేకంగా లేచే చేతులను నరికివేస్తామన్నట్టుగా హెచ్చరించాడు.

ఆగస్టు 21 అర్ధరాత్రి. మరుసటి రోజు పత్రిక పని ముగించుకుని షోయబ్, బావమరిది ఇస్మాయిల్ ఖాన్ కాచిగూడ ప్రాంతంలోని కార్యాలయం నుండి ఇంటికి బయలుదేరారు. చప్పల్ బజారు దగ్గర దుండగులు చుట్టుముట్టారు. వెనుక నుండి కాల్చారు. పడిపోయిన షోయబ్ చేతిని కత్తితో నరికారు. అడ్డం వచ్చిన ఇస్మాయిల్ చెయ్యి కూడా తెగింది. ఇస్మాయిల్ బతికాడు. షోయబ్ తెల్లవారుజామున, 22వ తేదీన కన్నుమూశాడు. అప్పటికి ఆయన ఇరవై ఎనిమిదో ఏట ఉన్నాడు. ఆయనతోనే ఇమ్రోజ్ కూడా పోయింది.

ఆ రోజుల్లో ఉర్దూ పత్రికలు చాలావరకు కాతిబు చేతిరాతతోనే తయారయ్యేవి. అక్షరం అక్షరం చేత్తో రాస్తేగాని అచ్చుకు వెళ్ళేది కాదు. చంపడానికి గుండు చాలినా చేతిని కూడా నరికారంటే, వారి కోపం ఒక మనిషి మీద మాత్రమే కాదని, రాతమీదనని మీరు గ్రహించవచ్చు.

ఇరవై రెండు రోజులు గడిచాయి. సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలో అడుగుపెట్టింది. 17న నిజాం లొంగిపోయాడు. రజ్వీని అరెస్టు చేశారు. షోయబ్ హత్య మీద కూడా కేసు నడిచింది. రజ్వీకి ఏడేళ్ళ శిక్ష పడింది మాత్రం మన బీబీనగర్ దోపిడీ కేసులో. 1957లో విడుదలై అతడు పాకిస్తాన్ వెళ్ళిపోయాడు.

ప్రియ పాఠకులారా, కథ ఇక్కడ ముగిస్తే వినడానికి బాగుంటుంది. చెడ్డవారు ఓడారు, మంచివాడు అమరుడయ్యాడు అనుకుని పేజీ తిప్పెయ్యవచ్చు. కాని షోయబ్ జీవితం మనల్ని అక్కడ ఆగనివ్వదు. పోలీసు చర్య అని పిలిచిన ఆ సైనిక చర్య తరువాత, రజాకార్ల పాపాలకు ఏ సంబంధమూ లేని ముస్లిం కుటుంబాలు ఎన్నో ప్రతీకారానికి బలయ్యాయి. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో అది మరీ ఎక్కువగా జరిగింది. ప్రధాని నెహ్రూ పంపిన పండిత సుందర్‌లాల్ బృందం 1948 చివరలో తిరిగి చూసి, ఎంత తగ్గించి లెక్కించినా 27,000 నుండి 40,000 మంది దాకా చనిపోయి ఉంటారని తేల్చింది. ఆ బృందంలో ఖాజీ అబ్దుల్ గఫార్ అనే ఉర్దూ పత్రికా సంపాదకుడు కూడా ఉన్నాడు. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. ఇక మన పల్లెల్లో సైన్యానికి, దళాలకు మధ్య నలిగిన రైతుల కష్టం మరో మూడేళ్ళు సాగింది.

ఇప్పుడు మీరే చెప్పండి. గెలిచినవారు చేసిన తప్పును గెలిచినవారి భాషలోనే, వారి మనిషిగా నిలబడి రాసినవారు ఆనాడు ఎందరు? ఓడినవారిని తిట్టడం తేలిక. పక్క ఊరివాడి తప్పును, పక్క మతంవాడి తప్పును రచ్చబండ మీద చెప్పడానికి ధైర్యం అక్కరలేదు. వినేవారు చప్పట్లు కూడా కొడతారు. మన కులంవారు, మన పార్టీవారు, మన సంఘంవారు చేసినదాన్ని మనవాళ్ళ ముఖం మీదే తప్పు అని చెప్పవలసి వచ్చినప్పుడు నాలుక తడబడుతుంది. షోయబ్ చేసింది ఆ కష్టమైన పని. తన మతాన్ని ఆయన వదులుకోలేదు, తనవారిని ద్వేషించలేదు. వారి క్షేమం కోరాడు గనుకనే వారికి నిజం చెప్పాడు.

నేడు వార్తకు కొరత లేదు. అరచేతిలోని ఫోనులోకి గంటకు నూరు వార్తలు వచ్చిపడుతున్నాయి. వాటిలో ఎక్కువభాగం ఎదుటివారి తప్పుల జాబితాలే. మీ పిల్లలకు షోయబుల్లా ఖాన్ పేరు చెప్పండి. ఆయన మానుకోట బిడ్డ అని, మన పల్లెల గోడు అచ్చువేసినవారిలో ఒకడని చెప్పండి. ఏదైనా వార్త నలుగురికీ పంపే ముందు, ఇదే తప్పు మనవాళ్ళు చేసి ఉంటే దీన్ని నేను పంపేవాడినా అని ఒక్కసారి ఆలోచించుకోమనండి. ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకోవడమే ఆయనకు మనం చేయగలిగిన నివాళి.