రాజ్యలక్ష్మమ్మ మోసిన నీళ్లు

ఇల్లిడ్సి వచ్చినోల్లకు శ్రీశైలం కొత్త గాదు. ఎనిమిది వందల ఏండ్లకు పైనే అయింది, కన్నడ దేశం నుంచి అక్క మహాదేవి రాజును కాదని, ఇల్లు కాదని ఈ కొండెక్కింది అంటారు. ఇప్పటికీ దోర్నాల బస్సులోంచి ఒంటిగా దిగే పిల్లలు ఉండారు. అక్కకు దండం పెట్టేటోల్లే ఆ పిల్లను సూసి మొగం తిప్పుకుంటారు. ఇట్లాంటి పిల్లల్ని నాలుగు దినాలు ఉంచుకునే పనిలో నేనూ రొన్నాళ్లు చెయ్యి పెట్టినా. యాడ ఉంచేది, ఎవురు వండిపెట్టేది అని తమ్ముల్లు అడుగుతాంటారు. అందుకే ఈ ఆయమ్మ కత చెప్తాండా.

రాజమండ్రి పక్కన కాతేరులో 1851లో పుట్టింది. పుట్టింట్లో పేరు బాపమ్మ. ఎనిమిదేండ్లకు కందుకూరి వీరేశలింగానికి ఇచ్చి చేసినారు, అత్తగారు రాజ్యలక్ష్మి అని పేరు మార్చింది. ఆ కాలంలో అంత చిన్న పిల్లలకే పెండ్లిండ్లు. మొగుడు సచ్చిపోతే ఆ పిల్లకు ఇంగ బతుకంతా తెల్లచీర, గుండు, వంటింటి మూల. మల్లా పెండ్లి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చినాది గానీ, చేసేటోడు యాడుండాడు?

వీరేశలింగం పంతులు చేసినాడు. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో, ఆయన ఇంట్లోనే. పెండ్లికూతురు గౌరమ్మకు పన్నెండేండ్లు. తల్లి ఒప్పుకుంటే ఊరికి తెలీకుండా తెచ్చినారు. పెండ్లికొడుకు గోగులపాటి శ్రీరాములు. పోలీసు కాపలా పెట్టుకోని పెండ్లి చేయాల్సొచ్చింది.

పుస్తకాల్లో ఈడికి ఆపేస్తారు. నాకు కావాల్సింది వంటింటి సంగతి. కులమోల్లు ఎలేసినారు. వంటోల్లు రారు, నీళ్లు మోసేటోల్లు రారు. పెండ్లంటే ఇంటినిండా జనం గదా. రాజ్యలక్ష్మమ్మ గోదారికి పోయి బిందెలతో నీళ్లు మోసుకొచ్చింది, వండింది, వడ్డించింది. మొగుణ్ణి ఇడ్సి వచ్చెయ్యమని సొంతోల్లు చెప్పినా పోలేదు. పంతులు ఉపన్యాసం చెప్పగలడు, పత్రికలో రాయగలడు. రాత్రిపూట ఏడ్సే పన్నెండేండ్ల పిల్ల పక్కన పండుకునేది మాత్రం ఆయన గాదు గదా.

ఆ తర్వాత ఆ ఇల్లే సత్రమయింది. అట్లాంటి పెండ్లిండ్లు నలభై దాకా చేసినారు. ఒక్కో పిల్ల వచ్చేది, సంబంధం కుదిరేదాకా ఆడే ఉండేది. పెండ్లయినంక ఆ జంటకు ఇల్లు, బత్తెం, ఉద్యోగం సూడాల్సొచ్చేది, ఎందుకంటే వాల్లనూ ఎలేసినారు. కాకినాడ పైడా రామకృష్ణయ్య డబ్బిచ్చి ఆదుకున్నాడు. డబ్బుకు ఆశపడి వచ్చిన పెండ్లికొడుకులు కూడా లేకపోలేదు. మంచి పనికి మంచోల్లే వస్తారనుకోవద్దండి, ఈ పని చేసిన ప్రతి ఒక్కరికీ ఇది తెలుసు.

పెండ్లి కుదిరినోల్లకే సోటు అనలేదు ఆయమ్మ. వితంతువులకు శరణాలయం నడిపినారు. కాలు జారిందని ఊరు తరిమేసిన ఆడపిల్లలకూ నీడ ఇచ్చింది. నా లెక్కలో పెండ్లిండ్ల కన్నా ఇది పెద్ద పని. పెండ్లికి నలుగురు సప్పట్లు కొడతారు. ఈ పిల్లను దాసిపెట్టుకుంటే ఊరు ఉమ్మేస్తాది. ఆయమ్మకు కడుపున పిల్లలు పుట్టలేదు. వచ్చిన పిల్లలకు అమ్మగా ఉండింది. ఇల్లిడ్సి వచ్చిన పిల్ల సల్లగా, మర్యాదగా ఉండదు. తిట్టుకుంటాది, కొట్లాడతాది, అన్నం తోసేస్తాది. అట్లాంటోల్లను ఏండ్ల తరబడి ఒకే కప్పు కింద కాపాడడం ఎంత కట్టమో పంతులు కన్నా ఆయమ్మకే ఎక్కువ తెలిసుంటాది.

ఇప్పుడు దోవ ఉంది. పద్దెనిమిది నిండని బిడ్డ కనపడితే 1098కి ఫోన్ చేస్తే సాలు, జిల్లాలో బాలల సంక్షేమ కమిటీ సూసుకుంటాది. మీరు మీ ఇంట్లో దాసిపెట్టుకోవద్దు, అది ఆ బిడ్డకూ మంచిది గాదు, మీకూ మంచిది గాదు. కానీ వాల్లు వచ్చేదాకా ఆ గంటో రెండు గంటలో పక్కన కూసోని, ఇంత తినబెట్టి, ఏం తప్పు చేసినావని అడక్కుండా ఉండే మనిషి కావల్ల. ముందు అన్నం, అడిగేది తర్వాత.

1910 ఆగస్టులో రాజ్యలక్ష్మమ్మ నిద్దర్లోనే పోయింది. పంతులు ఇంకో తొమ్మిదేండ్లు బతికి 1919లో మద్రాసులో పోయినాడు. ఆస్తంతా అప్పటికే హితకారిణి సమాజానికి రాసిచ్చేసినాడు, ఆయమ్మ నడిపిన పనులు ఆగిపోకుండా.